సర్కారు మీద కేసు గెలిచాం, డబ్బు మాత్రం రాలేదు: ఏం చేయాలి?

బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో కోర్టులో కేసు గెలిచారు. కరకట్టకో, మురుగు కాలువకో, రోడ్డుకో పోయిన భూమికి పరిహారం పెంచి ఇమ్మని కోర్టు చెప్పింది. ఇంటిల్లిపాదీ అల్లాకు షుక్ర్ చెప్పుకున్నారు. ఏడాది గడిచినా రూపాయి రాలేదు. ఆఫీసుకు వెళ్తే "బడ్జెట్ రాలేదు, ఫైలు పైకి పంపాం" అంటున్నారు. అప్పుడేం చేయాలి?

ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. కోర్టు డిక్రీ ఇచ్చాక డబ్బు దానంతట అది ఇంటికి రాదు. అమలు చేయించమని మళ్లీ మనమే కోర్టును అడగాలి.

"బడ్జెట్ లేదు" అంటే?

రాజ్యాంగం 202వ అధికరణం ప్రకారం కోర్టు తీర్పులు, డిక్రీలు తీర్చడానికి కావలసిన సొమ్ము రాష్ట్ర ఖజానా మీద నేరుగా పడే ఖర్చు. గవర్నర్ జీతం, హైకోర్టు జడ్జీల జీతాలు కూడా ఇదే జాబితాలో ఉన్నాయి. ఈ ఖర్చును అసెంబ్లీలో చర్చించవచ్చు గానీ ఓటుకు పెట్టరు. కాబట్టి బడ్జెట్ లేదన్న మాటతో మీ హక్కు పోదు.

మీ దగ్గర సివిల్ కోర్టు డిక్రీ ఉంటే

సివిల్ ప్రొసీజర్ కోడ్ 82వ సెక్షన్ ప్రభుత్వానికి మూడు నెలల గడువు ఇస్తుంది. డిక్రీ తేదీ నుంచి మూడు నెలలు దాటినా డబ్బు కట్టకపోతే, ఆ డిక్రీ ఇచ్చిన కోర్టులోనే అమలు పిటిషన్ వేయాలి. వకీళ్లు దీన్నే ఈపీ అంటారు. అప్పటికీ కట్టకపోతే ప్రభుత్వ ఆస్తుల జప్తు కోరవచ్చు. ఆర్డీవో ఆఫీసు కుర్చీలు, జీపు జప్తుకు కోర్టు అమీనా వచ్చాడని పేపర్లో చదువుతుంటాం కదా, అది ఈ ఈపీలోనే జరుగుతుంది.

గడువు 12 ఏళ్లు. అలాగని ఊరుకోవద్దు. రెండేళ్లు దాటాక ఈపీ వేస్తే ముందు మళ్లీ నోటీసు ఇవ్వాలి, ఆ మేరకు ఆలస్యమవుతుంది. ఈపీని ఆరు నెలల్లో తేల్చాలని 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు కింది కోర్టులకు చెప్పింది. వాయిదాలు సాగుతుంటే ఈ తీర్పును మీ వకీలుకు గుర్తు చేయండి.

"అప్పీలుకు వెళ్లాం" అని అధికారులు అంటే, స్టే ఉందా అని అడగండి. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. స్టే ఉత్తర్వు ఉంటేనే ఆగుతుంది.

మీ దగ్గర హైకోర్టు ఉత్తర్వు ఉంటే

రిట్ పిటిషన్‌లో "ఇన్ని వారాల్లో చెల్లించండి" అని హైకోర్టు చెప్పినా చెల్లించకపోతే కోర్టు ధిక్కరణ కేసు వేయవచ్చు. ఇక్కడ గడువు ఒక్క ఏడాదే. శిక్ష ఆరు నెలల జైలు, రెండు వేల రూపాయల జరిమానా వరకు ఉంటుంది.

నెల్లూరు జిల్లాలో ఒక మహిళా రైతుకు భూమి పరిహారం ఇవ్వమని హైకోర్టు 2017లో చెప్పింది. డబ్బు 2021లో గానీ రాలేదు. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఈ జాప్యానికి కొందరు ఐఏఎస్ అధికారులకు జైలు, జరిమానా విధించింది. అప్పీలు చేసుకోవడానికి వీలుగా శిక్షను కొంతకాలం ఆపింది. అయినా ఆ మహిళ ధిక్కరణ కేసు వేయకపోతే ఆ ఫైలు ఇంకెన్నాళ్లు కదలకుండా ఉండేదో.

ఒక జాగ్రత్త. సివిల్ కోర్టు ఇచ్చిన డబ్బు డిక్రీకి మామూలు దారి ఈపీయే. దాన్ని వదిలి నేరుగా హైకోర్టుకు పోతే "ముందు ఈపీ వేసుకోండి" అని పంపేసే అవకాశం ఎక్కువ.

ఆలస్యానికి వడ్డీ

భూసేకరణలో కోర్టు పెంచిన మొత్తం మీద మొదటి ఏడాదికి 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ ఇప్పించవచ్చు. 1894 చట్టంలోనూ, 2013 చట్టంలోనూ ఇవే రేట్లు. పెంచింది రెండు లక్షలు అనుకుందాం. ఐదేళ్లు ఆగితే వడ్డీ 1,38,000 రూపాయలు. ఈ సొమ్ము వాడుకోవడంపై మీకు సందేహం ఉంటే ఉలమాను అడగండి. లెక్కలో మాత్రం అసలు, వడ్డీ విడివిడిగా రాయించండి.

డిక్రీదారు చనిపోతే

కేసు వేసిన పెద్దాయన పోయారని ఈపీ ఆగిపోదు. వారసులు కొనసాగించవచ్చు. అయితే వారసులందరి పేర్లూ ఉండాలి. కొడుకుల పేర్లే రాసి భార్యను, పెళ్లయిన కూతుళ్లను వదిలేస్తే వాళ్ల వాటా పోయినట్టే కాదు, డబ్బు పంచే రోజున కొత్త తగాదా మొదలవుతుంది. వాళ్ల వాటా షరియత్‌లో నిర్ణయమై ఉన్నదే.

ఫీజుకు డబ్బు లేకపోతే

బందరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలును ఇస్తారు. వరద, తుపాను బాధితులు కూడా అర్హులే. టోల్‌ఫ్రీ నంబరు 15100.

వెళ్లేటప్పుడు డిక్రీ సర్టిఫైడ్ కాపీ, తీర్పు కాపీ, ఇప్పటిదాకా అందిన సొమ్ము రసీదులు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ పట్టుకెళ్లండి. ఈ రోజే డిక్రీ మీద తేదీ చూసుకోండి. మూడు నెలలు దాటిందా? అయితే ఇక ఆఫీసు చుట్టూ తిరగడం ఆపి, ఈపీ వేయమని వకీలుకు చెప్పండి.