సూత్రక్రిమి నుండి రాచపుండు దాకా

రాచపుండు అన్న మాట వినబడితే మన ఇండ్లలో నేటికిని గొంతులు తగ్గిపోతాయి. అది పెద్దప్రేవులో పుట్టినదైతే ఆ మాట అసలే పైకి రాదు. మలములో రక్తము కనబడిన మనిషి సిగ్గుపడి ఎవరితోను చెప్పడు. మూలశంక అనుకొని చిట్కా వైద్యముతో నెలలు గడుపుతాడు. 2022వ సంవత్సరములో ప్రపంచమంతటా సుమారు 19 లక్షల మందికి ఈ వ్యాధి కొత్తగా బయటపడినదని, 9 లక్షల మంది దీనివలన మరణించారని లెక్కలు చెబుతున్నాయి. విషాదమేమంటే, ఇది హఠాత్తుగా వచ్చిపడే వ్యాధి కాదు. ప్రేవు లోపలి పొరపై చిన్న పిలకగా మొదలై, పుండుగా మారడానికి సాధారణముగా పదేండ్ల దాకా పడుతుంది. అంత వ్యవధి ఉండి కూడ మనము ఆలస్యముగానే మేలుకుంటున్నాము.

వ్యాధి ఎంత లోతుకు పాకినదో దానినిబట్టి రోగి భవిష్యత్తు ఉంటుందని లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన కుత్‌బర్ట్ డ్యూక్స్ 1932లో తేటపరిచారు. అప్పటినుండి ముందుగా పసిగట్టే ఆనవాలు కొరకు వెదుకులాట సాగినది. 1965లో మాంట్రియల్ నగరములో గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనే ఇరువురు ప్రేవు కణితులలో ఒక ప్రత్యేక పదార్థమును గుర్తించారు. 1967లో అమెరికా వైద్యుడు గ్రీగర్, కంటికి కనబడని రక్తమును గ్వాయకము పూసిన కాగితముపై పట్టే పరీక్షను గూర్చి ప్రకటించారు. మొదటిది తొలిదశలో చాలామందిలో పెరగదు. రెండవది రక్తము కారని పిలకను చూడలేదు.

కొత్త ఆనవాలు ఎవరును ఊహించని చోట దొరికినది. మట్టిలో బ్రతికే సూత్రక్రిమి ఒకటి ఉన్నది; దాని పొడవు ఒక మిల్లీమీటరు. దాని ఎదుగుదలను పరిశీలిస్తూ 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌ల బృందములు ఒక వింతను ప్రకటించాయి. జన్యువు పంపిన ఆజ్ఞను మోసుకొనిపోయే ఆర్.ఎన్.ఏ.కు, 22 అక్షరముల పొడవు మాత్రమే గల మరొక చిన్న ఆర్.ఎన్.ఏ. అతుక్కొని, ఆ ఆజ్ఞ నెరవేరకుండ అడ్డుకుంటున్నది. అది పురుగులోని విశేషమేనని అప్పుడు పలువురు తలచారు. 2000లో రవ్‌కన్ బృందము అటువంటిదే మరొకటి కనుగొన్నది. అది మనిషిలో కూడ ఉన్నదని అదే ఏట తేలినది. 2001లో వీటికి మైక్రో ఆర్.ఎన్.ఏ. అను పేరు స్థిరపడినది. 2024లో ఆంబ్రోస్, రవ్‌కన్‌లకు నోబెల్ బహుమానము లభించినది.

ఆజ్ఞలను అదుపులో ఉంచేవి తప్పిపోతే కణములు అదుపు తప్పుతాయి కదా! 2002లో కార్లో క్రోచె బృందము ఒకరకపు రక్తపు కేన్సరులో ఇట్టి రెండు అణువులు లోపించడమును చూపినది. 2003లో ఆస్ట్రేలియా పరిశోధకులు పెద్దప్రేవు కణితులలో 143, 145 సంఖ్యలు గల మైక్రో ఆర్.ఎన్.ఏ.లు తగ్గిపోయినవని తెలిపారు. 2008లో అమెరికా, హాంకాంగ్ రోగులను పరిశీలించినప్పుడు, 21వ సంఖ్య గలది కణితిలో అధికముగా ఉన్నవారు తక్కువకాలము జీవించినట్లు కనబడినది. అనగా వ్యాధి ఉనికినే కాక, దాని నడకను కూడ ఈ అణువు సూచించగలదన్న మాట.

అదే సంవత్సరము ఇంకొక తలుపు తెరుచుకున్నది. సులభముగా నశించే ఆర్.ఎన్.ఏ. రక్తములో నిలువదనే అందరి నమ్మకము. కాని ఈ చిన్నవి మాంసకృత్తుల రక్షణలోను, సూక్ష్మమైన సంచులలోను దాగి చెక్కుచెదరకుండ ఉంటాయని తేలినది. ఇక 2009లో హాంకాంగ్ పరిశోధకులు 92వ సంఖ్య గలదానిని రక్తములో కొలిచి, నూరుగురు రోగులలో 89 మందిని గుర్తించగలమని ప్రకటించారు. 2012లో మలములో కూడ దీనిని కొలిచారు; కణితిని తీసివేసిన పిదప దాని పరిమాణము తగ్గినది.

ఇక్కడ మనము తొందరపడరాదు. అదే 2009 పరీక్షలో ఆరోగ్యవంతులు నూరుగురిలో 30 మందికి తప్పుడు అనుమానము కలిగినది. వెయ్యిమందిలో అయిదుగురే రోగులున్నారనుకొందము. ఆ పరీక్ష నలుగురైదుగురిని పట్టును. దానితోబాటు సుమారు 300 మంది నిర్దోషుల నిద్ర చెడగొట్టును. అదియుగాక, ఈ 92వది ఎర్ర రక్తకణములలో కూడ ఉన్నది. రక్తము తీసేటప్పుడు ఆ కణములు చితికితే, లేని వ్యాధి ఉన్నట్లు లెక్క మారిపోవచ్చును. అందుచేతనే ఒక్క అణువునకు బదులు కొన్నింటిని జతచేసి కొలవడము, అన్ని ప్రయోగశాలలలోను ఒకే కొలబద్ద పాటించడము అవసరమైనవి.

అంతవరకు దేశములు విస్తృతముగా నడిపే తనిఖీలకు మలములోని రక్తమును కనుగొనే పరీక్షయు, గొట్టముతో ప్రేవును చూసే కొలనోస్కోపీయు ఆధారములు. పిలకను చూచిన వైద్యుడు అప్పుడే దానిని తీసివేయగలడు. ఏ అణువును ఆ పని చేయలేదు. పురుగులో మొదలైన విద్య మన రక్తపు చుక్క దాకా రావడానికి పదిహేనేండ్లు పట్టినది. అది నమ్మదగిన పరీక్షగా మన గుమ్మములోనికి వచ్చేదాకా, మన శరీరమిచ్చే పాత ఆనవాలును, అనగా ఆ రక్తపు మరకను, సిగ్గుతో దాచక వైద్యునితో చెప్పుకొందము.