పెంచి పంపే ఇళ్లు

అప్పగింతలు పెళ్లికూతురికే అనుకుంటాం. అమెరికాలోని న్యూజెర్సీ ఇళ్లలో 1942 నుంచి కుక్కపిల్లలకూ జరుగుతున్నాయి.

అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే ‘సీయింగ్ ఐ’ సంస్థ 1929లో నాష్‌విల్‌లో పుట్టింది. డొరొతీ యూస్టిస్, చూపులేని మోరిస్ ఫ్రాంక్ దాని స్థాపకులు. కొద్ది కాలానికే అది న్యూజెర్సీకి మారింది. శిక్షణకు ముందే కుక్కకు ఇల్లు, వీధి, జనం, వాహనాల రొద అలవాటు కావాలి. బోనులో పెరిగితే అవేవీ అబ్బవు. అందుకే ‘ఫోర్ హెచ్’ అనే బాలల సంఘంతో కలిసి, పసికూనను ఓ ఇంటికిచ్చి, ఏడాది దాటాక వెనక్కి తీసుకునే పద్ధతి పెట్టారు.

పెంచిన పిల్లలకు కుక్కను తిరిగి అప్పగించే రోజు గడ్డురోజే.

శిక్షణలో నెగ్గని కుక్కను మాత్రం ముందుగా పెంచిన ఇంటికే ఇవ్వజూపుతారు. తన కుక్క శిక్షణలో తప్పితే బాగుండునని లోలోపల మొక్కుకునే పిల్లాణ్ణి ఎవరు తప్పుపట్టగలరు!