ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటూ ఇంట్లో మగ్గం వర్క్ చేసి సంపాదించొచ్చా? ‘చిన్న ఆదాయమే కదా’ అంటే కుదురుతుందా?

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్‌లో మీరు ప్యాకింగ్ పని చేస్తున్నారనుకుందాం. బండి మీద నుంచి పడి కాలు విరిగింది. డాక్టర్ రెండు నెలలు పనికి వెళ్లొద్దన్నారు. ఈఎస్ఐ నుంచి సిక్‌నెస్ బెనిఫిట్ వస్తోంది. కాలు కదలకపోయినా చేతులు బాగానే ఉన్నాయి కదా. సరదాగా నేర్చుకున్న మగ్గం వర్క్ ఉంది. పక్కింటావిడ పెళ్లి బ్లౌజ్ ఇచ్చి, ‘మెల్లగా చేసివ్వక్కా, డబ్బులిస్తా’ అంది. చేయొచ్చా?

‘ఇంట్లో కూర్చుని చేసుకునే పనికి ఎవరు అడ్డొస్తారు?’ అని చాలామంది అనుకుంటారు. ‘నెలకు రెండు, మూడు వేల లోపైతే పర్వాలేదు’ అనే మాట కూడా కంపెనీ గేటు బయట టీ కొట్టు దగ్గర వినిపిస్తుంది. నిజానికి ఈఎస్ఐ నిబంధనల్లో అలాంటి పరిమితి ఏదీ లేదు. వెయ్యి లోపు, రెండు వేల లోపు అన్న మినహాయింపు ఎక్కడా రాయలేదు. నిబంధన చూసేది ఎంత సంపాదించారని కాదు, ఆ రోజు పని చేశారా లేదా అని.

ముందు లెక్క తెలుసుకోండి

ఈఎస్ఐ జీతగాళ్లకు వర్తించే బీమా. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఫ్యాక్టరీలు, సంస్థల్లో నెలకు రూ.21,000 వరకు జీతం ఉన్నవాళ్లు దీని కిందికి వస్తారు. దివ్యాంగులకు ఈ పరిమితి రూ.25,000. జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. మిర్యాలగూడ రైస్ మిల్లులో గుమస్తాకైనా, చౌటుప్పల్ కెమికల్ యూనిట్‌లో ఆపరేటర్‌కైనా, కొత్తూరు, షాద్‌నగర్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకైనా ఇదే లెక్క. సొంతంగా మగ్గం పెట్టుకున్న పోచంపల్లి, నారాయణపేట నేతన్నలకు మాత్రం ఇది వర్తించదు. వాళ్లకు యజమాని లేడు కాబట్టి ఈఎస్ఐ కట్టేవాళ్లూ లేరు.

ఆరు నెలల కంట్రిబ్యూషన్ కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉంటే, దానికి సంబంధించిన బెనిఫిట్ కాలంలో సిక్‌నెస్ బెనిఫిట్‌కు అర్హత వస్తుంది. సగటు రోజు వేతనంలో 70 శాతం చొప్పున, ఏడాదిలో గరిష్ఠంగా 91 రోజులు ఇస్తారు. మొదటి రెండు రోజులకు మామూలుగా డబ్బు రాదు. అంతకుముందు జబ్బు ముగిసిన 15 రోజుల్లోపే మళ్లీ పడితే ఆ రెండు రోజుల కోత ఉండదు.

మీ సగటు రోజు వేతనం రూ.600 అనుకుంటే రోజుకు వచ్చేది రూ.420. ఆ బ్లౌజ్‌కు మూడు రోజులు కూర్చుని రూ.1,000 తీసుకున్నారనుకోండి. పని చేసిన మూడు రోజులకు బెనిఫిట్ పోతే పోయేది రూ.1,260. అంటే కష్టపడి మరీ రూ.260 నష్టపోయినట్టు! చాలా సందర్భాల్లో ఈ లెక్క ఒక్కటి వేసుకుంటే చాలు, మిగతా చర్చ అవసరం పడదు.

నిబంధన ఏం చెబుతోంది?

1948 నాటి ఈఎస్ఐ చట్టం అస్వస్థతను ఇలా నిర్వచించింది: వైద్య చికిత్స అవసరమై, వైద్య కారణాల వల్ల పనికి దూరంగా ఉండాల్సిన స్థితి. ఇందులో రెండో సగం కీలకం. జబ్బు ఉంటే సరిపోదు, ఆ జబ్బు వల్ల పని మానాల్సి రావాలి.

అదే చట్టంలోని సెక్షన్ 63 ఇంకా సూటిగా ఉంది. పని చేసిన రోజుకు, జీతంతో కూడిన సెలవులో ఉన్న రోజుకు, సమ్మెలో ఉన్న రోజుకు సిక్‌నెస్ బెనిఫిట్ ఉండదు. పని ప్రమాదంలో గాయపడి తాత్కాలిక వైకల్య బెనిఫిట్, అంటే 90 శాతం, తీసుకునేవాళ్లకూ ఇదే నియమం. ప్రసూతి బెనిఫిట్ దగ్గర నిబంధనల భాష కాస్త వేరు. అక్కడ ‘ప్రతిఫలం కోసం పని చేయని రోజులకు’ అని ఉంది. సిక్‌నెస్ బెనిఫిట్ దగ్గర ‘ప్రతిఫలం’ అనే మాట లేదు, ‘పని చేసిన ఏ రోజైనా’ అనే ఉంది. అందుకే ‘డబ్బులు తీసుకోలేదు, సాయంగా చేశాను’ అనే సమాధానం ఇక్కడ అంత బలంగా నిలవదు.

సెక్షన్ 64 షరతులు చెబుతుంది. ఈఎస్ఐ డిస్పెన్సరీ లేదా ఆస్పత్రి చికిత్సలోనే ఉండాలి, డాక్టర్ చెప్పినట్టు నడుచుకోవాలి. కోలుకోవడాన్ని ఆలస్యం చేసే పనేదీ చేయకూడదు. చికిత్స ఇస్తున్న ప్రాంతం వదిలి డాక్టర్ అనుమతి లేకుండా వెళ్లకూడదు. అధికారులు పంపిన డాక్టర్ పరీక్షించడానికి ఒప్పుకోవాలి. ఇవి పాటించకపోతే బెనిఫిట్‌ను కొన్ని రోజులు నిలిపివేయొచ్చు. చికిత్స కోసం సనత్‌నగర్ ఈఎస్ఐసీ ఆస్పత్రికి రిఫర్ చేస్తే వెళ్లడం వేరు. ఆర్డర్లు ఇచ్చి రావడానికి హైదరాబాద్ బస్సెక్కడం వేరు.

2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్-2020 అమల్లోకి వచ్చింది. ఈఎస్ఐ ఇప్పుడు ఆ కోడ్‌లోని నాలుగో అధ్యాయంలోకి చేరింది. పైన చెప్పిన సెక్షన్ నంబర్లు పాత చట్టానివి. ఆఫీసులో అడిగేటప్పుడు నంబర్ కాకుండా విషయం చెప్పి అడగండి.

పనేది, కాలక్షేపమేది?

అసలు చిక్కంతా ఇక్కడే. మంచం మీద కూర్చుని క్రోషే అల్లుకుంటే పనా? బొమ్మలు గీసుకుంటే? ఎవరూ దాన్ని పని అనరు. పక్షవాతం వచ్చినవాళ్లకు చేతులు కదిపే పనులు చేయమని, మానసిక సమస్యలతో చికిత్స పొందేవాళ్లకు ఏదైనా వ్యాపకం పెట్టుకోమని డాక్టర్లే చెబుతుంటారు. అది చికిత్సలో భాగం. కానీ అదే బొమ్మకు ధర పెట్టి, ఆర్డర్ తీసుకుని, ఫలానా తేదీకి ఇస్తానని ఒప్పుకున్నారంటే అది కాలక్షేపం గీత దాటినట్టే. ఆర్డర్, గడువు, ధర – ఈ మూడూ ఉన్నచోట ‘హాబీ’ అనే మాట ఎవరినీ ఒప్పించదు.

జబ్బుకు ముందే చేసి పెట్టినవి ఇప్పుడు అమ్ముడుపోతే? పోయినేడాది పెట్టిన యూట్యూబ్ వీడియోకు ఈ నెల డబ్బు పడితే? నిబంధన చూసేది పని చేసిన రోజును కాబట్టి, డబ్బు ఇప్పుడు వచ్చిందన్న ఒక్క కారణంతో ఈ రోజు పని చేసినట్టు కాదు. ఇంటి అద్దె, బ్యాంకు వడ్డీ కూడా అంతే. అయితే పాత వీడియోకు డబ్బు రావడం వేరు, సెలవులో ఉండి వారానికి మూడు కొత్త వీడియోలు తీయడం వేరు. మొదటిది పాత పని ఫలం, రెండోది నేటి పని.

ఇంట్లో వాళ్లు నిజంగా తామే చేసి, తామే అమ్ముకునే వ్యాపారం మీ పని కాదు. కానీ మీరు కుట్టి, డబ్బు మాత్రం ఆమె ఫోన్‌పేలో వేయించుకుంటే అది ఆమె వ్యాపారం అయిపోదు.

డబ్బు కంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘రోజుకు ఆరు గంటలు వంగి మగ్గం వర్క్ చేయగలిగిన మనిషి కూర్చుని చేసే ప్యాకింగ్ పని ఎందుకు చేయలేరు?’ అని డాక్టర్ అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి. కాలు విరిగినప్పుడు జవాబు సులభం: కంపెనీ బస్సు ఎక్కలేను, షిఫ్టంతా నిలబడలేను. నడుం నొప్పి, మెడ నొప్పి అని సెలవు తీసుకుంటే ఆ జవాబు అంత సులభం కాదు. పోయేది ఆ మూడు రోజుల డబ్బు మాత్రమే కాకపోవచ్చు. మొత్తం సెలవు మీదే అనుమానం వస్తుంది, కేసు మెడికల్ రిఫరీ దగ్గరికి వెళ్లొచ్చు.

పట్టుబడటం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మీ వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టా పేజీ, తేదీలతో సహా యూపీఐ ఎంట్రీలు ఉన్నాయి. వీటికి తోడు, పడని తోటి ఉద్యోగి ఒక్కడున్నా చాలు.

సంతకం పెట్టే ముందు

బెనిఫిట్ క్లెయిమ్ చేసే ఫారం 9లో, ఆ రోజుల్లో పని చేయలేదని మీరు సంతకంతో చెబుతున్నారు. చాలామంది ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి, నింపే పని కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లకో, తెలిసిన అన్నకో వదిలేస్తారు. ఆ పని చేయకండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని రాశారో మీరే చదవండి.

అర్హత లేని రోజులకు డబ్బు తీసుకుంటే తిరిగి కట్టాలి. తెలిసీ తప్పుడు ప్రకటన ఇస్తే అది నేరం. పాత చట్టంలో దీనికి ఆరు నెలల వరకు జైలు లేదా రూ.2,000 వరకు జరిమానా లేదా రెండూ ఉండేవి. శిక్ష పడినవాళ్లకు ఆ తర్వాత కొంతకాలం నగదు బెనిఫిట్లు కూడా ఆపేసేవారు. కొత్త కోడ్‌లోనూ తప్పుడు ప్రకటన నేరమే.

మరి నిజంగా కొన్ని రోజులు పని చేసి ఉంటే? బ్రాంచ్ ఆఫీసులో ఆ తేదీలు రాసివ్వండి. నిబంధన రోజువారీ లెక్కది కాబట్టి ఆ రోజులకు డబ్బు రాదు. చెప్పడానికి భయం వేయొచ్చు గానీ, వాళ్లు కనిపెట్టడం కంటే మీరు చెప్పడం ఎప్పుడూ మేలు. ఇంకా పని మొదలుపెట్టకపోతే ముందు మీ డిస్పెన్సరీ డాక్టర్‌ను అడగండి. ‘చేతి పని కొంచెం చేసుకోవచ్చా’ అని నోటితో అడిగి వదిలేయకుండా, ఒప్పుకుంటే చీటీ మీద రాయించుకోండి. ఆ చీటీతో ఆ రోజులకు డబ్బు వస్తుందని కాదు, మీరు కోలుకోవడానికి అడ్డం తెచ్చుకోలేదని మాత్రం అది చూపిస్తుంది. కోలుకున్నామనిపిస్తే ఫిట్ సర్టిఫికెట్ తీసుకుని డ్యూటీలో చేరడమే శుభ్రమైన దారి. సందేహాలకు ఈఎస్ఐసీ టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-2526.

ఒకటి గుర్తుంచుకోండి. పని చేసిన రోజుకు ఆగేది నగదు మాత్రమే, వైద్యం కాదు. మందులు, పరీక్షలు, ఆపరేషన్ మీ కార్డు మీద యథావిధిగా సాగుతాయి. అలాగే హాబీ ఆదాయం కలిపితే జీతం రూ.21,000 దాటి ఈఎస్ఐ పోతుందని భయపడేవాళ్లున్నారు. ఆ పరిమితి మీ యజమాని ఇచ్చే వేతనానికే. సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో ఆ కారణంతో యజమాని మిమ్మల్ని తీసేయకూడదన్న రక్షణ కూడా పాత చట్టంలోని సెక్షన్ 73 ఇచ్చింది. అయితే మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో ‘వేరే పని చేయరాదు’ అన్న షరతు ఉంటే అది వేరే తలనొప్పి. ఆ కాగితం ఒకసారి తీసి చూడండి.

నెలల తరబడి జబ్బు అయితే?

క్షయ, క్యాన్సర్, పక్షవాతం, కిడ్నీ ఫెయిల్యూర్ లాంటి 34 దీర్ఘకాలిక జబ్బులకు 91 రోజుల తర్వాత కూడా 80 శాతం చొప్పున ఎక్స్‌టెండెడ్ సిక్‌నెస్ బెనిఫిట్ ఉంటుంది. రెండేళ్ల వరకు రావొచ్చు. దీనికి రెండేళ్ల ఉద్యోగం, నాలుగు కంట్రిబ్యూషన్ కాలాల్లో 156 రోజుల చందా ఉండాలి. ఇక్కడా పని చేసిన రోజు నియమం మారదు. చిన్న ఆదాయం ఆశ ఎక్కువగా పుట్టేదీ ఇక్కడే. రెండేళ్లు ఇంట్లో కూర్చున్న మనిషి ఏదో ఒకటి చేయాలనుకోవడం సహజం. బ్రిటన్‌లో అనారోగ్య భృతి పొందేవాళ్లకు ‘పర్మిటెడ్ వర్క్’ అని ఉంది. వారానికి 16 గంటల లోపు, నిర్ణీత ఆదాయం మించకుండా, ముందే చెప్పి పని చేసుకోవచ్చు. మన ఈఎస్ఐలో అలాంటి కిటికీ తెరవలేదు. దీర్ఘకాలిక రోగుల విషయంలోనైనా అది ఉండాల్సిందని ఈ రచయిత అభిప్రాయం. క్షయ రోగులకు నిక్షయ్ పోషణ్ కింద నెలకు రూ.1,000 వస్తుంది. అది పోషకాహార సాయం, పని మీద వచ్చేది కాదు. దానితో ఈ లెక్కకు సంబంధం లేదు.

పని చేసుకుంటూ తీసుకోగలిగినవీ ఉన్నాయి. ఫ్యాక్టరీ ప్రమాదంలో వేలో, చెయ్యో పోయి శాశ్వత వైకల్య బెనిఫిట్ పొందుతున్నవాళ్లు ఉద్యోగం చేసుకోవచ్చు, కుట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అది కోల్పోయిన సంపాదన శక్తికి పరిహారం, రోజు రోజుకు ఇచ్చే భృతి కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంగిపోయినవాళ్లు తీసుకునే దివ్యాంగుల పింఛను కూడా వేరే దారిలోది. సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం దానికి కొలమానం. 2023లో ఆ పింఛను నెలకు రూ.4,016 అయింది. ఇంటి ముందు చిన్న కొట్టు పెట్టుకుని ఏ రోజు కూర్చున్నారు, ఏ రోజు కూర్చోలేదు అని అక్కడ ఎవరూ లెక్క అడగరు.