ప్లేటు మీద నిలిచిన ఫిడేలు

ఎట్టయాపురం అనగానే మనందరికీ భారతియార్ గుర్తొస్తారు. మన రాజపాళయానికి ఆగ్నేయంగా, పక్క జిల్లాలో ఉన్న ఆ ఊరికి సంగీత చరిత్రలో కూడా చోటుంది. ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ (1786–1859) ఆ సంస్థానంలో ఆస్థాన విద్వాంసులుగా ఉండేవారు. చిన్నతనంలో మద్రాసులో ఒక యూరోపు వాద్యకారుడి దగ్గర ఫిడేలు నేర్చుకొని, దాన్ని మన రాగాలకు తెచ్చిన మొదటివారిలో ఆయన ఒకరు. ఈ రోజు ఫిడేలు లేని కర్ణాటక కచేరీని ఊహించుకోలేం. కానీ అది మన గడ్డమీద పుట్టిన వాద్యం కాదు, సముద్రం దాటి వచ్చింది.

వచ్చిన వాద్యాన్ని మనవాళ్లు ఉన్నదున్నట్టు తీసుకోలేదు. యూరోపులో సోలో వాయించేవారు నిలబడి, ఫిడేలును గడ్డం కింద పెట్టుకొని వాయిస్తారు. మన విద్వాంసులు నేలమీద కూర్చొని, దాని కొసను కుడి పాదంమీద ఆనించుకుంటారు. అప్పుడు ఎడమ చేతికి బరువు మోసే పని ఉండదు. వేళ్లు తీగమీద హాయిగా జారుతాయి, గమకాలు పలుకుతాయి. నాలుగు తీగలను కూడా పాశ్చాత్యుల పద్ధతిలో కాకుండా షడ్జమ పంచమాలకు శ్రుతి చేసుకుంటారు. కొయ్య అదే, కమాను అదే, పలికే భాష మాత్రం వేరు.

యూరోపులో ఈ వాద్యానికి ఇంకో పెద్ద వేదిక ఉంది. ఒక్క ఫిడేలు ముందు నిలబడుతుంది, వెనక డెబ్బై ఎనభై మంది ఆర్కెస్ట్రా ఉంటుంది. ఇద్దరూ ఒకరికొకరు జవాబు చెప్పుకుంటున్నట్టు సాగే ఈ రచనను కన్చెర్టో అంటారు. అన్ని స్వరాలూ ముందే రాసి ఉంటాయి. ఎవరు ఎప్పుడు వాయించాలో కండక్టర్ చేతితో చూపిస్తారు. మన కచేరీలో మృదంగ విద్వాంసుడు గాయకుడి ముఖం చూసి అప్పటికప్పుడు వాయించే పద్ధతికి ఇది చాలా దూరం.

ఈ కన్చెర్టోల రికార్డింగుల్లో ఒకటి చరిత్రలో నిలిచిపోయింది. ఇంగ్లండు సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గర్ 1910లో ఒక వయొలిన్ కన్చెర్టో రాశారు. 1932 జూలైలో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో దాన్ని రికార్డు చేశారు. ఫిడేలు వాయించిన యెహూది మెనూహిన్‌కు అప్పుడు 16 ఏళ్లు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపించినది స్వయంగా ఎల్గరే, ఆయనకు 75 ఏళ్లు. తాతా మనవడి వయసులు!

ఆ రోజుల్లో రికార్డింగ్ సులువైన పని కాదు. మైనం పలకమీద నేరుగా గాడి పడేది. ఒక పక్క నాలుగు నిమిషాల పైచిలుకే పట్టేది. మధ్యలో ఒక్క స్వరం తప్పినా దిద్దడానికి వీల్లేదు, ఆ పక్క మొత్తం మళ్లీ వాయించాల్సిందే. ఇంచుమించు 50 నిమిషాల రచన కాబట్టి 6 ప్లేట్లు, 12 పక్కలు పట్టింది. వినేవాళ్లు కూడా ప్రతి నాలుగు నిమిషాలకీ లేచి ప్లేటు తిప్పుకోవాలి.

ఇంత కష్టం ఎందుకు? ఆ రచన 1910 నుంచే అచ్చులో ఉంది కదా! జవాబు రెండేళ్లకు దొరికింది. 1934 ఫిబ్రవరిలో ఎల్గర్ చనిపోయారు. కాగితంమీద స్వరాలు మిగిలాయి సరే. ఎక్కడ ఆగాలి, ఎక్కడ తొందరపడాలి, ఏ స్వరాన్ని ఎంత మెత్తగా పలికించాలి అని ఆయన మనసులో ఉన్నది ఆ ప్లేట్లమీద మిగిలింది. నేటికీ వయొలిన్ విద్యార్థులు దాన్ని వింటూనే ఉన్నారు.

ఇప్పుడు మన తెలుగువారి దగ్గరికి వద్దాం. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చూపు సరిగా లేకపోయినా చెవినీ వేళ్లనీ నమ్ముకున్నారు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ ఆచార్యులయ్యారు, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. అప్పటిదాకా ఎక్కువగా గాయకుడి పక్కన కూర్చునే ఫిడేలును కచేరీ నడుమకు తెచ్చి, సోలో వాద్యంగా పేరు తెచ్చినవారిలో ఆయనది ముందువరుస. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ ఆయనకు దక్కాయి.

1952లో మెనూహిన్ మన దేశానికి వచ్చారు. ప్రధాని కరువు సహాయ నిధికోసం కచేరీలు చేశారు. మద్రాసులో జస్టిస్ పి.వి. రాజమన్నార్‌గారి ఇంట్లో ద్వారం వారి ఫిడేలు విని ఎంతో మెచ్చుకున్నారు. అప్పుడు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి ఎవరో తెలుసా? మన రాజపాళయం బిడ్డ పి.ఎస్. కుమారస్వామి రాజాగారే. ఎల్గర్ ఎదుట వాయించిన కుర్రవాడు ఇరవై ఏళ్ల తర్వాత ఒక తెలుగు ఫిడేలు ముందు శ్రోతగా కూర్చున్నాడు. ఒకే వాద్యం, రెండు భాషలు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా అందం అర్థమైంది.

నాయుడుగారు 1964లో కన్నుమూశారు. ఆయన వాయింపులో కొంత గ్రామఫోను ప్లేట్లమీద, కొంత రేడియో రికార్డింగుల్లో మిగిలింది. మన సంగీతానికి ఇవి ఇంకా విలువైనవి. ఎందుకంటే గమకాన్ని స్వరలిపిలో పూర్తిగా రాయలేం. కాగితం సరిగమలను చూపిస్తుంది, వాటి మధ్య జారే దారిని చెవే పట్టుకోవాలి.

ఇది సంగీతానికి మాత్రమే చెందిన సంగతి కాదు. తరాల కిందట మన పెద్దలు తెలుగు నేలనుంచి ఇక్కడికి వచ్చారు. ఫిడేలులాగే మన భాష కూడా కొత్త చోట కొత్త నడక నేర్చుకుంది. మన ఇళ్లలో వినిపించే తెలుగు, పాఠ్యపుస్తకంలోని తెలుగు ఒకటి కావు. పుస్తకంలోది అచ్చులో ఉంది కాబట్టి దానికి భయం లేదు. మన అవ్వలు మాట్లాడే యాస, పెళ్లిళ్లలో పాడే పాటలు, పిల్లల్ని నిద్రపుచ్చే జోలలు ఏ పుస్తకంలో ఉన్నాయి? వాళ్ల గొంతులోనే ఉన్నాయి. ఆ గొంతు ఆగితే అవీ ఆగిపోతాయి.

1932లో ఒక్క రచనను నిలబెట్టడానికి ఆర్కెస్ట్రా, స్టూడియో, మైనం పలకలు అన్నీ కావలసివచ్చాయి. మనకు ఇంట్లో ఒక ఫోను చాలు. ఈ సెలవుల్లో మనలో ప్రతి ఒక్కరం ఒక అవ్వనో తాతనో కూర్చోబెట్టి, ఒక పాటో ఒక కథో రికార్డు చేద్దాం. పేరు, ఊరు, తేదీ కూడా చెప్పించుకుందాం. రేపు వినేవాళ్లకు అదే చరిత్ర అవుతుంది.