ఆరా నుంచి చైన్‌సా దాకా: మా ఇంటి తారీఖ్



నాకో షౌఖ్ ఉంది. అది తెలిసిన విస్సన్నపేట వాళ్లు కొందరు నవ్వుతారు. పాత చైన్‌సాలు పోగుచేస్తాను. అంటే చెట్లు కోసే పెట్రోలు రంపాలు. తుప్పు పట్టినవి, ఇంజను బిగుసుకుపోయినవి, పాత ఇనప సామాన్ల కొట్లో కిలోల లెక్కన పోయేవి. వాటిని విప్పి, కడిగి, మళ్లీ నడిచేలా చేసే మర్మత్‌లో నా జుమ్మా సాయంత్రాలు గడుస్తాయి. "ఉర్దూ మీడియంలో చదివావు, తెలుగులో డిగ్రీ చేశావు, పేపర్లో రాస్తావు. షేరోషాయిరీ రాసుకోక ఈ ఇనప గోల నీకెందుకు మియా?" అని మసీదు దగ్గర ఒక బుజుర్గ్ అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో ఆ యంత్రం తారీఖ్ ఉంది, మా ఇంటి తారీఖ్ కూడా ఉంది.

ముందు దాదా సంగతి చెప్పాలి. మా దాదా మర్హూమ్ ఆరాకష్. ఆరా అంటే రంపం, కష్ అంటే లాగేవాడు. మెహనత్‌కష్ అన్న మాటలో ఉన్నదీ ఈ కషే. కోత మిల్లులు రాకముందు దుంగను పలకలుగా చీల్చాలంటే గుంట తవ్వేవారు. గుంట మీద అడ్డంగా వాసాలు వేసి దుంగను ఎక్కించేవారు. బొగ్గుపొడిలో ముంచిన నూలుతాడును బిగించి లాగి వదిలితే దుంగ మీద గీత పడేది. ఒక మనిషి దుంగ మీద, ఇంకో మనిషి గుంటలో నిలబడేవారు. పై మనిషి గీత తప్పకుండా చూసుకుంటూ రంపాన్ని పైకి లాగుతాడు, కింది మనిషి కిందికి లాగుతాడు. పొట్టంతా కింది మనిషి కళ్లలో, ముక్కులో పడుతుంది. మా దాదా ఎక్కువ కాలం కింది మనిషే. పని మానేసిన తర్వాత కూడా, ఇంటి అరుగు మీద ఊరికే కూర్చున్నప్పుడు కూడా, మొహానికి రుమాలు చుట్టుకునే ఆదత్ ఆయనకు పోలేదు.

మాది మామిడి ఇలాఖా. విస్సన్నపేట, నూజివీడు, తిరువూరు చుట్టూ తోటలే. కాపు తగ్గిన ముసలి మామిడి చెట్టును కొట్టేస్తే ఆ చెక్క పళ్ల పెట్టెలకు పోయేది. బండి చక్రాలకు నల్లతుమ్మ, ద్వారబంధాలకు వేప, డబ్బున్న ఇళ్లకు టేకు. పొట్టు వాసన చూసి అది ఏ చెట్టో దాదా చెప్పేసేవారు.

1988లో అబ్బా విజయవాడలో ఒక కలప కాంట్రాక్టరు దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఒక చైన్‌సా కొన్నారు. అప్పటికే దాని వయసు పాతికేళ్లు. బస్సు టాపు మీద కట్టించుకుని తెచ్చారు. మొదటిసారి తాడు లాగి స్టార్ట్ చేస్తే వీధి వీధంతా బయటికొచ్చింది. దాదా మాత్రం దాన్ని ముట్టుకోలేదు. "యే ఆరా నై రే, షైతాన్ కా సైకిల్ హై" అన్నారు. గొలుసు తిరుగుతుంది గదా, ఆయన కళ్లకు అది సైకిలులా కనిపించింది. నిజానికి దాదా పని పోవడానికి ఈ యంత్రం కారణం కాదు. గుంట కోతను ఎప్పుడో కోత మిల్లులు మింగేశాయి. అబ్బా తెచ్చిన యంత్రం లాగేసుకున్నది గొడ్డలి పనిని, ఇద్దరు కూర్చుని లాగే అడ్డకోత రంపం పనిని. ఇద్దరు పూట గడిపినా తెగని మొద్దును అబ్బా ఒక్కడే చాయ్ చల్లారేలోపు తెగ్గొట్టేవారు. ఆ రోజీతోనే మేం చదువుకున్నాం, అల్హందులిల్లాహ్.

ఈ షైతాన్ కా సైకిల్ ఎక్కడ పుట్టిందో తెలిస్తే మీకు హైరత్ కలుగుతుంది. అడవిలో కాదు, హకీముల చేతుల్లో. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండ్‌కు చెందిన జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ అనే ఇద్దరు డాక్టర్లు పళ్లున్న సన్నటి గొలుసును వాడారు. కాన్పు కష్టమైనప్పుడు కటి ఎముకల మధ్య దారి చేయడానికి, చెడిపోయిన ఎముకను తీసేయడానికి. అప్పటికి మత్తుమందు లేదు. ఆ తల్లులు ఏం భరించారో ఊహించడానికే భయం వేస్తుంది. 1830 ప్రాంతంలో జర్మనీ డాక్టర్ బెర్న్‌హార్డ్ హైనే ఆ గొలుసును ఒక పట్టీ చుట్టూ తిరిగేలా చేసి, పిడితో తిప్పే పరికరం తయారుచేశాడు. ఇప్పటి చైన్‌సా రూపం అందులో కనిపిస్తుంది.

చెట్ల దగ్గరికి రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో శామ్యూల్ బెన్స్ అనే ఆయన మహా వృక్షాలైన రెడ్‌వుడ్‌లను పడగొట్టడానికి గొలుసు రంపం మీద 1905లో పేటెంటు తీసుకున్నాడు. జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ 1926లో కరెంటుతో నడిచే చైన్‌సా చేశాడు. దాని బరువు 64 కిలోలు, ఇద్దరు మోయాలి. 1927లో ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని జర్మనీలోని డోల్మార్ అనే కొండ మీద పరీక్షించి, ఆ కొండ పేరునే కంపెనీకి పెట్టుకున్నాడు. 1929లో స్టీల్ పెట్రోలు రంపం వచ్చింది, అదీ ఇద్దరు మోసేదే. అంటే మా దాదా గుంటలో లాగిన ఆరాకూ దీనికీ అప్పట్లో ఒక పోలిక ఉంది. రెండిటికీ రెండు జతల చేతులు కావాలి.

గొలుసు పళ్లతో ఇంకో ఇబ్బంది ఉండేది. మాటిమాటికీ మొద్దుబారేవి, గంటల తరబడి ఆకురాయితో పదును పెట్టాలి. 1946లో అమెరికాలో కలప పని చేసే జోసెఫ్ కాక్స్ ఒక మొద్దులో పురుగును చూశాడు. చెక్కను తొలిచే పేడపురుగు లాంటి పురుగు పిల్ల. అది ఎడమకూ కుడికీ దవడలు ఆడిస్తూ చెక్కను సునాయాసంగా తినేస్తోంది. ఆ దవడలను చూసి ఆయన గొలుసు పంటి ఆకారం మార్చాడు. 1947లో అమ్మకానికి పెట్టాడు. ఇప్పుడు మన తిరువూరులో కొనే చైన్‌లోనూ ఆ పురుగు దవడల నమూనాయే ఉంటుంది. అల్లాహ్ తన మఖ్లూఖ్‌లో ఎవరికి ఏ ఇల్మ్ ఇచ్చాడో!

1949లో అమెరికాలో మెకల్లాక్ కంపెనీ 25 పౌండ్ల రంపం తెచ్చింది, దాదాపు 11 కిలోలు. ఇక ఒక్క మనిషి చాలు. ఆ కంపెనీ యజమాని రాబర్ట్ మెకల్లాక్ 1968లో లండన్ బ్రిడ్జిని కొని, రాయి రాయి విప్పించి అరిజోనా ఎడారిలో మళ్లీ కట్టించాడు. పాత వస్తువును విప్పి బిగించే షౌఖ్ ఆయనకు మాకంటే పెద్దది! 1959లో స్టీల్ వారి కాంట్రా వచ్చింది. అదే ఏడాది స్వీడన్‌లో, 1689 నుంచి తుపాకులు చేసిన హస్క్‌వార్నా తన మొదటి చైన్‌సా విడుదల చేసింది. ఎటు వంచినా పెట్రోలు అందే డయాఫ్రం కార్బురేటరు కూడా వచ్చేయడంతో రంపాన్ని అడ్డంగా, తలకిందులుగా పట్టి కోసే వీలు కలిగింది.

ఈ కాలం నాటి యంత్రాల మీదే సంగ్రాహకుల మనసు. అమెరికా, యూరప్‌లలో వాటిని పోగేసేవాళ్లు చాలామంది. మా దగ్గర మేం నలుగురం. బస్టాండ్ దగ్గర టూ స్ట్రోక్ బళ్లు బాగుచేసిన ఒక మెకానిక్ భాయ్, తిరువూరులో స్పేర్ పార్టుల కొట్టున్న ఒకాయన, కోత మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, నేను. అసర్ నమాజ్ తర్వాత మెకానిక్ షెడ్డులో చేరతాం.

కిందటి చలికాలం నేను అబ్బా రంపాన్ని షెడ్డుకు తీసుకెళ్లాను. చాలా ఏళ్లు అది మా ఇంటి వెనక పశువుల కొట్టంలో గోనెసంచిలో ఉండిపోయింది. 2002లో వాల్టా చట్టం వచ్చి చెట్టు కొట్టడానికి పర్మిషన్లు తప్పనిసరి అయ్యాక పని తగ్గి, అబ్బా దాన్ని పక్కన పెట్టేశారు. 2011లో ఆయన ఇంతెఖాల్ అయ్యారు.

పాత ఇంజను దొరకగానే తాడు లాగకూడదు. లోపల తుప్పుంటే సిలిండరు గీసుకుపోతుంది. మొదట ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో నూనె పోసి వారం వదిలేశాం. సైలెన్సరు తీసి, పొగ పోయే దారిలోంచి టార్చి వేసి చూస్తే పిస్టను మీద పెద్ద గీతలేమీ లేవు. రెండో వారం చేత్తో తిప్పితే కదిలింది. ట్యాంకులో పెట్రోలు ఎండి బంకలా తయారైంది. కార్బురేటరులో డయాఫ్రం చెప్పు తోలులా గట్టిపడింది, కొత్తది వేశాం. మాగ్నెటో పాయింట్లు సన్న ఎమరీ కాగితంతో రుద్దితే నీలం రంగు చిన్గారీ వచ్చింది. గ్యాస్కెట్లు మందపు కాగితం మీద అచ్చు గీసి మేమే కత్తిరించుకున్నాం.

ఇక పైమెరుగు మిగిలింది. సంగ్రాహకుల మధ్య ఎప్పుడూ ఉండే బహస్ ఇది. కొత్తగా రంగు వేయాలా, అరిగింది అరిగినట్టు ఉంచాలా? మెకానిక్ భాయ్ రంగు పార్టీ. ముందు హ్యాండిలు మీద చుట్టి ఉన్న పాత సైకిలు ట్యూబును కోసేయడానికి బ్లేడు తీశాడు. నాలుగైదు పొరలు చుట్టి, పైన ఇనప తీగతో బిగించి ఉంది.

"ఆగవయ్యా, అది తియ్యకు" అన్నారు మిల్లు పెద్దాయన. నా వైపు తిరిగి, "బాబూ, మీ నాన్న అది ఊరికే చుట్టలేదు. చేతులు తిమ్మిరెక్కి పోతున్నాయని చుట్టాడు. నాతో చెప్పాడు. ఇంట్లో మాత్రం చెప్పొద్దన్నాడు" అన్నారు.

ఆ మాట విన్నాక అప్పటికి నాకేమీ తోచలేదు. రంపం స్టార్టయిన రోజు తెలిసింది. ఎండిన మామిడి మోడును పది నిమిషాలు కోశాను. గొలుసుకు నూనె కోసం బొటనవేలితో మీట నొక్కుతూనే ఉండాలి. దించాక చేతుల్లో చీమలు పాకినట్టుంది. చొక్కా గుండీ పెట్టుకోబోతే వేళ్లకు దొరకలేదు.

అప్పుడు నాకు ఈద్ ఉదయాలు యాదొచ్చాయి. నేను తొమ్మిదో పదో ఏళ్లవాణ్ని. ఈద్‌గాహ్‌కు వెళ్లేముందు అబ్బా వంగి, "బేటా, గుండీలు పెట్టు" అనేవారు. అబ్బా కుర్తాకు గుండీలు పెట్టడం నాకిచ్చిన ఇజ్జత్ అనుకునేవాణ్ని. తమ్ముడికి ఆ చాన్సు ఇవ్వనని గొడవపడేవాణ్ని. చాయ్ గ్లాసు ఆయన చేతిలోంచి జారి పగిలినప్పుడల్లా అమ్మీ కసురుకునేది. మేం నవ్వేవాళ్లం.

ఇది వైద్యానికి తెలియని జబ్బేమీ కాదు. 1918లోనే అమెరికాలో ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరమ్మ రాళ్లు చెక్కే కూలీల వేళ్లు చలికి తెల్లబడి మొద్దుబారడం చూసి, కారణం వాళ్ల చేతిలోని గాలి సుత్తి అని రాసింది. అదురు వేళ్లలోని సన్న రక్తనాళాలనూ నరాలనూ దెబ్బతీస్తుంది. 1960ల్లో చలి దేశాల అడవి కూలీల్లో ఇదే బయటపడింది. ఆ దశాబ్దం మధ్య నుంచే ఇంజనుకూ హ్యాండిలుకూ నడుమ రబ్బరు దిమ్మలున్న రంపాలు వచ్చాయి. బ్రిటన్ 1985లో దీన్ని పనివల్ల వచ్చే జబ్బుగా గుర్తించింది. మనలాంటి వేడి ప్రాంతంలో వేళ్లు తెల్లబడటం పెద్దగా కనిపించదు. తిమ్మిరి, పట్టు జారడం మాత్రమే ఉంటాయి. అందుకే ఎవరూ జబ్బు అనుకోరు. అబ్బా రంపం ఆ రబ్బరు దిమ్మల కంటే ముందు కాలంది. ఆ రోజుల్లో ఏ కంపెనీదైనా అంతే. మూడు సముద్రాల అవతల ఇంజనీర్లు కనిపెట్టినదాన్ని మా అబ్బా పంక్చరు షాపులో పారేసిన ట్యూబుతో చేసుకున్నారు. ఎంత ఆరామ్ దొరికిందో ఆయనకే తెలియాలి.

ఇంటికెళ్లి అమ్మీకి చెప్పాను. చాలాసేపు ఖామోష్‌గా ఉంది. తర్వాత, "గ్లాసుల కోసం ఎన్నిసార్లు అరిచానో" అని లోపలికెళ్లి వజూ చేసుకుంది.

ఆ ట్యూబు అలాగే ఉంచాం. రంగు వేయలేదు. ఇప్పుడు ఆ రంపం మా ముందు గదిలో, దాదా ఆరా పక్కన ఉంది. మన బచ్చాలకు తారీఖ్ అంటే కోటలు, సుల్తాన్లు అని చెబుతాం. కొండపల్లి ఖిల్లా చూపిస్తాం. చూపించాల్సిందే. కానీ ఆ ఖిల్లాల్లో మా దాదా పేరు ఎక్కడా లేదు. ఆయన సంతకం ఈ పిడి అరిగినచోట ఉంది.

ఇంకో మాట. మా చుట్టుపక్కల సుబాబుల్, జామాయిల్ కోతల్లో ఇప్పుడూ కుర్రాళ్లు పొద్దంతా చైన్‌సా పడుతున్నారు. అందులో మన పిల్లలూ ఉన్నారు. రబ్బరు దిమ్మలు గట్టిపడితే కొత్త రంపమూ పాతదానిలాగే అదురుతుంది. అవి మార్పించండి, మధ్యమధ్యలో చేతులకు విశ్రాంతి ఇవ్వమనండి. ఇంట్లో ఎవరికైనా గ్లాసు జారుతుంటే నవ్వకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఆ చేతులు ఏం పని చేస్తాయో ముందు చెప్పండి.

మీ ఇంటి అటక మీద దాదాదో నానాదో పనిముట్టు ఉంటే కిలోల లెక్కన అమ్మేయకండి. ముందు ఇంట్లో బుజుర్గుల్ని అడగండి, దాన్ని ఎవరు పట్టారో, ఎలా పట్టారో. మా అబ్బా మగ్‌ఫిరత్ కోసం దువా చేయండి.

ఖుదా హాఫిజ్.