విదేశీయుల తెలుగు అభ్యసనం – పాఠ్యగ్రంథాల ఎంపిక: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక భాషను పరాయివారికి నేర్పేటప్పుడు పాఠ్యగ్రంథాన్ని ఎంచుకోవడమంటే ఆ భాషలోని ఏ రూపాన్ని ప్రమాణంగా చూపాలో నిర్ణయించడమే. 1812లో మద్రాసులో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాల మొదలుకొని ఇరవయ్యో శతాబ్ది చివరిభాగం వరకు విదేశీయుల కోసం వెలువడిన తెలుగు వ్యాకరణాలు, వాచకాలు ఏ ప్రాతిపదికపై రూపొందాయో, వాటి మధ్య ఏ భేదాలు ఉన్నాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరాయివారి కోసం మొదలైన ఈ ప్రయత్నం తెలుగువారి బడిచదువుతో ఎలా ముడిపడిందో, ఆ అనుభవం నేటి బోధకులకు ఏమి చెబుతుందో కూడా ఇందులో చర్చించడం జరిగింది.

ముఖ్యపదాలు: పాఠ్యగ్రంథం, వాచకం, వ్యాకరణం, సెయింట్ జార్జి కోట కళాశాల, సి.పి. బ్రౌన్, ఆర్డెన్, గిడుగు, వ్యావహారికం.

1. ప్రవేశిక:

తెలుగు పాఠ్యగ్రంథాల చరిత్రను మనం సాధారణంగా బడిపిల్లల వాచకాలతో మొదలుపెడతాం. అచ్చయిన తెలుగు పాఠ్యగ్రంథాల్లో తొలి తరానికి చెందినవి చాలావరకు తెలుగు రానివారి కోసం తయారైనవే. తరంగంబాడి నుంచి మద్రాసుకు వచ్చిన జర్మన్ మతప్రచారకుడు బెంజమిన్ షుల్జ్ 1728 నాటికే లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాసుకున్నాడు. అది 1984 వరకు అచ్చు కాలేదు. అందువల్ల దాని ప్రభావం తరువాతి బోధనపై పడలేదు. వ్యవస్థీకృతమైన బోధన, పరీక్ష, పాఠ్యగ్రంథం ఈ మూడూ ఒకచోట కలిసింది పందొమ్మిదో శతాబ్ది తొలి పాదంలో, మద్రాసులో. ఈ వ్యాసం అక్కడి నుంచి మొదలవుతుంది.

2. కళాశాల అవసరం – పుస్తకాల లేమి:

ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కళాశాలను నెలకొల్పింది. దక్షిణాది భాషలకు అక్కడ తగిన వసతి లేదు. ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ చొరవతో 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల ప్రారంభమైంది. ఇంగ్లండు నుంచి కొత్తగా వచ్చిన యువ ఉద్యోగి ఇక్కడ దేశభాషలు నేర్చుకొని పరీక్షలో నెగ్గిన తరువాతనే జిల్లాకు వెళ్లాలి. భాషలో సాధించిన ప్రావీణ్యం అతని భత్యంపైనా, పైస్థాయికి చేరే అవకాశంపైనా ప్రభావం చూపేది.

కళాశాలలో వేదం పట్టాభిరామశాస్త్రి వంటి పండితులు ఉన్నారు. తాళపత్రాల్లో కావ్యాలు, సంస్కృతంలోనూ పద్యంలోనూ రాసిన వ్యాకరణాలు, నిఘంటువులు ఉన్నాయి. లేనిదల్లా అక్షరం రాని పెద్దవాడికి మొదటి రోజు చేతిలో పెట్టదగిన పుస్తకం. సంప్రదాయ పద్ధతిలో తెలుగు పిల్లవాడు ఓనమాలు, గుణింతం, శతకపద్యాలు, అమరకోశం అనే మెట్లు ఎక్కేవాడు. ఆ పద్ధతి ఇంట్లో తెలుగు విని మాట్లాడే పిల్లవాడిని ఉద్దేశించింది. మాట రాని వానికి పద్యం కంఠస్థం చేయిస్తే పద్యం వస్తుంది గాని మాట రాదు. బోధకులు ఈ చిక్కును మొదటినుంచీ ఎదుర్కొన్నారు.

3. వ్యాకరణాల మధ్య పోటీ:

1814 నుంచి 1817 వరకు నాలుగేళ్లలో మూడు తెలుగు వ్యాకరణాలు ఆంగ్లంలో వెలువడ్డాయి. 1814లో శ్రీరాంపురం నుంచి విలియం కేరీ వ్యాకరణం, 1816లో మద్రాసు నుంచి ఎ.డి. క్యాంప్‌బెల్ వ్యాకరణం, 1817లో విలియం బ్రౌన్ వ్యాకరణం వచ్చాయి. పుస్తకం లేని స్థితి నుంచి పుస్తకాల్లో ఒకదాన్ని ఎంచుకోవలసిన స్థితికి కళాశాల ఇంత వేగంగా చేరింది.

వీటిలో క్యాంప్‌బెల్ గ్రంథానికి కళాశాల అండ ఉంది. ఆయన కళాశాల పర్యవేక్షక మండలికి కార్యదర్శి. స్థానిక వైయాకరణుల మార్గాన్ని ఆయన గౌరవించాడు. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అనే విభాగాన్ని ఆంగ్ల పాఠకులకు వివరించాడు. ఈ గ్రంథానికే ఎల్లిస్ తన సుప్రసిద్ధమైన పీఠికావ్యాఖ్యను చేర్చాడు. కేరీ సహా ఆనాటి ఐరోపా పండితులు దక్షిణాది భాషలకు కూడా ఉత్తరాది భాషల మూలమే మూలమనే అభిప్రాయంలో ఉండేవారు. పట్టాభిరామశాస్త్రి కూర్చిన ధాతువుల పట్టికను ఆధారం చేసుకొని, తెలుగు, తమిళం, కన్నడం ధాతువులను పక్కపక్కన పెట్టి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టినది కాదని ఎల్లిస్ నిరూపించాడు. కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణం రావడానికి నలభై ఏళ్ల ముందు జరిగిన సంగతి ఇది.

భాషాశాస్త్ర చరిత్రలో ఈ వ్యాఖ్యకు ఉన్న స్థానం అందరికీ తెలిసినదే. దానికి బోధనాపరమైన ముఖం కూడా ఉంది. తెలుగు సంస్కృతజన్యమైతే సంస్కృతం ముందు నేర్చుకోవడం దగ్గరి దారి అవుతుంది. కాకపోతే దేశ్యధాతువుల నుంచి మొదలుపెట్టాలి, ఒక దక్షిణాది భాష నేర్చినవానికి రెండో దక్షిణాది భాష సులభమవుతుంది. భాష పుట్టుక గురించిన సిద్ధాంతం పాఠాల వరుసను నిర్ణయిస్తుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

4. వాచకం: కథలా, కాగితాలా?

వ్యాకరణం తరువాత చదివించవలసినది ఏమిటి? ఈ ప్రశ్నకు కళాశాల రెండు రకాల జవాబులు ఇచ్చింది.

మొదటిది కథల మార్గం. కళాశాల పండితుడు రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలను తెలుగు వచనంలో రాశాడు. అది 1819లో అచ్చయింది. ఆయన పంచతంత్ర కథలు 1834లో వెలువడ్డాయి. ఇందులో ఒక వివేకం ఉంది. కథలో వాక్యాలు చిన్నవి, సన్నివేశం తెలిసినది, ఒకే క్రియ మళ్లీమళ్లీ వస్తుంది, తరువాత ఏం జరిగిందన్న కుతూహలం పాఠకుణ్ణి ముందుకు నడిపిస్తుంది. పద్యమే సాహిత్యమని భావించే కాలంలో పండితుడు వచనం రాయవలసి రావడానికి పరాయి విద్యార్థి అవసరం ఒక ముఖ్యకారణం.

రెండోది కాగితాల మార్గం. జె.సి. మోరిస్ 1823లో ప్రచురించిన తెలుగు సంకలనంలో అనువాదాలు, వ్యాకరణ విశ్లేషణ ఉన్నాయి. ఉత్తర సర్కారుల్లో వాడే రెవిన్యూ పదాల కోశం కూడా చేర్చారు. ఈ కోశమే ఆ పుస్తకం ఎవరికోసమో చెబుతుంది. కలెక్టరు కచేరీలో రైతు పెట్టుకున్న అర్జీలో అమరకోశం పదాలు ఉండవు. జమాబందీ, కౌలు, రాజీనామా వంటి అరబ్బీ పారసీ మూలాల మాటలు ఉంటాయి. పండితుని దృష్టిలో ఇవి అన్యదేశ్యాలు. వాటిని చదవలేని అధికారి మాత్రం గుమాస్తా చెప్పిందే వేదమని నమ్మవలసివస్తుంది. కాబట్టి ఈ ఎంపికలో రైతుకు జరిగే న్యాయం కూడా ఇమిడి ఉంది.

5. సి.పి. బ్రౌన్: విద్యార్థి నుంచి గ్రంథకర్తగా

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు మొదలుపెట్టాడు. 1820లో కడపకు వెళ్లాడు. కళాశాలలో చదివిన తెలుగుకు, కడపలో చెవిన పడే తెలుగుకు మధ్య దూరాన్ని ఆయన విద్యార్థిగా అనుభవించాడు. తరువాత ఆయన రూపొందించిన పుస్తకాల వరుస ఈ దూరాన్ని తగ్గించే ప్రయత్నంగా చూడవచ్చు.

1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. పండితులు అంతగా పట్టించుకోని ఆ పద్యాలు అభ్యాసకునికి ఎంతో అనువైనవి. ఆటవెలది చిన్నది, మాట నానుడికి దగ్గరగా ఉంటుంది, భావం ఒక్క పద్యంలోనే ముగుస్తుంది. 1840లో వ్యాకరణం వచ్చింది. 1850ల తొలి సంవత్సరాల్లో తెలుగు–ఆంగ్ల నిఘంటువు, వాచకం, ద్విభాషా సంభాషణలు, నుడికారాలపై అభ్యాసాలు వరుసగా వెలువడ్డాయి. వాచకంలో ఆయన చేర్చినవి ఇంటి ఉత్తరాలు, వ్యవహారపు ఉత్తరాలు, పోలీసు, రెవిన్యూ విషయాల లేఖలు. వాటికి అనువాదం, వ్యాకరణ వివరణ, చిన్న పదకోశం తోడుగా ఇచ్చాడు. మోరిస్ చూపిన దారిని ఆయన మరింత విస్తరించాడు. పాఠం, అర్థం, వివరణ, పదసూచి ఒకే చోట ఉండాలన్న అమరిక నేటి భాషాబోధకులకు మామూలు సంగతి. గురువు పక్కన లేని కడప వంటి చోట చదువుకొనేవాడికి అది ఎంత అవసరమో బ్రౌన్ స్వానుభవంతో గ్రహించాడనుకోవచ్చు.

6. ఆర్డెన్ వేసిన క్రమం:

కావ్యభాష ముందా, వాడుకభాష ముందా అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం 1873లో వచ్చింది. మచిలీపట్నంలో పనిచేసిన మతప్రచారకుడు ఎ.హెచ్. ఆర్డెన్ తన క్రమాభివృద్ధి వ్యాకరణాన్ని మూడు భాగాలుగా విభజించాడు. మొదటిది ప్రవేశిక, రెండోది వాడుకభాష వ్యాకరణం, మూడోది పుస్తకాల్లో ఉండే గ్రాంథిక భాష వ్యాకరణం. ఉదాహరణలు, అభ్యాసాలు విరివిగా ఇచ్చాడు. కొద్దికాలానికి దానికి తోడుగా ఒక వాచకాన్ని కూడా వెలువరించాడు.

ఈ విభజనను తేలికగా తీసుకోకూడదు. ఆర్డెన్ గ్రాంథికాన్ని నిరాకరించలేదు, దాని స్థానాన్ని మార్చాడు. ‘చేస్తున్నాను’ ముందు, ‘చేయుచున్నాను’ తరువాత. గ్రామ్యమని పండితులు పక్కన పెట్టిన రూపాలకు కూడా నియమబద్ధమైన వ్యాకరణం ఉందని ఈ గ్రంథం ఆచరణలో చూపింది. తెలుగులో వ్యావహారిక వాదం తలెత్తడానికి సుమారు నాలుగు దశాబ్దాల ముందే ఒక విదేశీయ పాఠ్యగ్రంథం ఈ పని చేయడం గమనార్హం.

7. పరాయి విద్యార్థి ప్రశ్న – బడిపిల్లల వాచకం:

ఇదే కాలంలో తెలుగు విద్యార్థుల వాచకం ఎదురు దిశలో నడిచింది. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వెలువడింది. మిత్రలాభం, మిత్రభేదం అనే భాగాలతో ఉన్న ఈ గ్రంథానికి మూలం పంచతంత్రమే. గురుమూర్తిశాస్త్రి తీసుకున్న కథావస్తువే ఇక్కడ మరో భాషారూపం ధరించింది. సూరి వచనం సౌష్ఠవంలో సాటిలేనిది. అందులో సందేహం లేదు. కాని అది తరతరాలుగా బడుల్లో, కళాశాలల్లో పాఠ్యమై, రచనకు ఏకైక ఆదర్శంగా మారినప్పుడు ఒక విచిత్రస్థితి ఏర్పడింది. ఆర్డెన్ పుస్తకం చదివిన ఆంగ్లేయుడు వాడుక తెలుగు నియమాలు నేర్చుకుంటున్నాడు. తెలుగు పిల్లవాడు మాత్రం తాను మాట్లాడే భాష తప్పని నేర్చుకుంటున్నాడు.

ఈ వైరుధ్యాన్ని బయటపెట్టిన ప్రశ్న కూడా ఒక పరాయి విద్యార్థి నుంచే వచ్చింది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో ఉత్తర కోస్తా పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు నేర్చుకుంటూ, పుస్తకంలోని తెలుగుకూ జనం నోటి తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న పి.టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావులకు చేరింది. అనంతరం జరిగిన వాదప్రతివాదాలు, 1913లో వెలువడిన గిడుగు విజ్ఞాపన, జయంతి రామయ్య ప్రతివాదం, 1914 నాటి గురజాడ అసమ్మతి పత్రం పరిశోధకులకు సుపరిచితాలు.

గిడుగు ఈ ప్రశ్నను వెంటనే అందుకోవడానికి మరో కారణం ఉంది. ఆయన కూడా ఒక పరభాషా విద్యార్థే. పర్లాకిమిడిలో ఉంటూ సవరభాషను సవరల నోటి నుంచి నేర్చుకున్నాడు. వ్యాకరణం గాని, నిఘంటువు గాని లేని భాష అది. సవర పిల్లల కోసం ఆయనే వాచకాలు తయారుచేశాడు. సవరభాషా వ్యాకరణం 1931లో, సవర–ఆంగ్ల కోశం 1938లో అచ్చయ్యాయి. పుస్తకమే లేని భాషను నేర్చినవానికి భాష ప్రాథమికంగా నోట ఉంటుందన్న సంగతి ఒకరు చెప్పనవసరం లేదు.

8. ఆధునిక కాలం:

ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో భాషాశాస్త్రం ఈ బోధనకు ఆధారమైంది. లీ లిస్కర్ మాట్లాడే తెలుగుపై రాసిన ప్రవేశగ్రంథం 1963లో అమెరికాలో వచ్చింది. 1968లో భద్రిరాజు కృష్ణమూర్తి, శివానందశర్మల ఆధునిక తెలుగు ప్రాథమిక పాఠాలు, 1985లో కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్‌ల ఆధునిక తెలుగు వ్యాకరణం వెలువడ్డాయి. గ్విన్ ఐ.సి.ఎస్. అధికారి. కంపెనీ కాలంలో మొదలైన పరంపరలో చివరివాడని ఆయనను అనవచ్చు. ఈసారి తెలుగు భాషావేత్తతో కలిసి సమాన రచయితగా నిలిచాడు. పట్టాభిరామశాస్త్రి పనికి ఎల్లిస్ వ్యాఖ్యలో దక్కింది ఆధార స్థానమైతే, ఇక్కడ తెలుగు పండితునికి కర్తృత్వం దక్కింది.

గ్రాంథికమా, వ్యావహారికమా అన్న పాత ప్రశ్న ఇక్కడ తీరింది. ఏ వ్యావహారికం అన్న కొత్త ప్రశ్న మిగిలింది. ఆధునిక ప్రమాణభాషగా పాఠ్యగ్రంథాలు స్వీకరించినది ప్రధానంగా మధ్యకోస్తా విద్యావంతుల భాష. ఆ పుస్తకంతో తెలుగు నేర్చినవాడు వరంగల్లులోనో, కడపలోనో, శ్రీకాకుళంలోనో బస్సు దిగితే, 1820లో బ్రౌన్‌కు ఎదురైన స్థితే అతనికీ ఎదురవుతుంది. విదేశాల్లో పుట్టి పెరుగుతున్న తెలుగు పిల్లల విషయంలో ఈ చిక్కు మరింత సున్నితమైనది. వారి ఇంటి మాటను పాఠ్యగ్రంథం తప్పని చెబితే, వారు వదులుకొనేది పుస్తకాన్ని కాదు, భాషను.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

(i) విదేశీయుల కోసం తయారైన పాఠ్యగ్రంథాలు తెలుగు వచనం, వ్యాకరణం, నిఘంటువు మూడింటి వికాసానికీ తోడ్పడ్డాయి.

(ii) ఎంపికలో నిర్ణాయకమైనది గ్రంథం గొప్పదనం కాదు, అభ్యాసకుడు ఆ భాషతో చేయదలచిన పని. కచేరీ ఉద్యోగికి అర్జీలు, మతప్రచారకునికి ఊరి సంభాషణ, పరిశోధకునికి కావ్యం అవసరం.

(iii) గ్రాంథిక, వ్యావహారికాల్లో ఒకదాన్ని తోసిపుచ్చకుండా వాటికి వరుస కల్పించిన ఆర్డెన్ పద్ధతి బోధనాదృష్టితో నేటికీ నిలబడుతుంది.

(iv) మాతృభాషాభ్యాసానికి ఉద్దేశించిన వాచకాన్ని పరభాషాభ్యాసకునికి ఇవ్వడం సెయింట్ జార్జి కోట కళాశాల ఎదుర్కొన్న తొలి చిక్కు. తెలుగు బడిపుస్తకాలనే ద్వితీయభాషా విద్యార్థులకు, ప్రవాస బాలలకు అందించే చోట్ల అది నేటికీ కొనసాగుతోంది.

(v) ప్రాంతీయ వ్యావహారిక రూపాలను కనీసం వినికిడి పాఠాలుగానైనా చేర్చని పాఠ్యగ్రంథం అసంపూర్ణమే.

పాఠ్యగ్రంథ నిర్ణయ సంఘాల్లో కూర్చొనే అధ్యాపకులు ఏ పుస్తకం శ్రేష్ఠమైనదని అడిగే ముందు, ఈ విద్యార్థి రేపు ఎవరితో మాట్లాడతాడని అడగడం మేలు. యేట్స్ అడిగినది ఇంచుమించు అదే ప్రశ్న. దానికి బదులు వెతకడంలో తెలుగు వచనం దిశే మారిపోయింది.