అతిధ్వని - కొడవలి కణవ్యాధి

పూర్వము చాందా యనబడిన చంద్రపూరు సీమలో కొడవలి కణవ్యాధి తరతరములుగా పలు కుటుంబములను బాధించుచున్నది. ఎఱ్ఱకణములు కొడవలివలె వంగి రక్తనాళముల నడ్డుటచే పసిబిడ్డలకు సైతము పక్షవాతము రావచ్చును.

మనదేశమున ఈ వ్యాధి 1952లో నీలగిరులలో తొలిసారి గుర్తింపబడెను. రక్తపరీక్ష వ్యాధిని తెలుపును గాని, ఏ బిడ్డకు పక్షవాతపు ముప్పు గలదో తెలుపదు. 1982లో ఆస్లిడ్ కణతగుండా అతిధ్వనిని, అనగా అల్ట్రాసౌండును, పంపి మెదడు నాళములలో రక్తవేగమును కొలిచి ఆ కొఱత తీరు త్రోవ జూపెను.

వేగము సెకనుకు 200 సెంటీమీటర్లు చేరిన 130 మంది పిల్లలపై ఆడమ్స్ బృందము జరిపిన పరిశోధన 1998లో వెలువడెను. నియమముగా రక్తమెక్కించిన 63 మందిలో ఒకరికి, అట్లు ఎక్కించని 67 మందిలో 11 మందికి పక్షవాతము వచ్చెను. సూదిపోటు లేని ఈ పరీక్ష రెండవయేటి నుండి ఏటేట జరుగుట వ్యాధిగ్రస్త శిశువునకు రక్ష.